మోచెయ్యి అబద్ధమాడదు

ఆవిడ పోయిందని ఫోను వచ్చేసరికి నేను టెక్కలిలో మా ఐటీఐ పిల్లల ముందు ఒక పాత గీజరు విప్పుకుని కూర్చున్నాను. విప్పడం నాకు బాగా వచ్చు. బిగించేటప్పుడే నా విద్య బిగుసుకుపోతుంది. ఆ సంగతి పిల్లలకు తెలుసు కాబట్టి ఈసారి ఎన్ని మరలు మిగులుతాయో చూద్దామని చుట్టూ చేరి ఉన్నారు.

ఫోను చేసింది ఆవిడ కోడలు.

"మాస్టారూ, అత్త పోనాది. పొద్దున్న గంజి తాగి తొంగుంది. లేపితే లెగనేదు. పొద్దుగూకకముందే ఎత్తీస్తారట."

"స్నానం చేయించేశారా?"

"నేదు. మజ్జాన్నం దాటినాక."

"నేను వచ్చేదాకా ఆపమ్మా. ఆ నీళ్ళు నేను కాస్తానని ఆవిడకు మాటిచ్చాను."

నేను చుట్టాన్ని కాను. ఆ ఊరివాణ్ణి కూడా కాను. అయినా, "పెద్దోలకి సెప్పి సూత్తాను. బేగి రండి," అంది.

గీజరును పిల్లలకే వదిలేసి బయల్దేరాను. వాళ్ళ చేతిలో దానికి వచ్చే నష్టం నా చేతిలో వచ్చేదానికన్నా ఎక్కువుండదు.

ఆవిడ పేరు నాకు తెలుసుగానీ, ఎవరైనా ఆ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. జలంత్రకోటకు ఇవతల కొబ్బరితోటల్లో ఉన్న వాళ్ళ ఊళ్ళో అందరికీ ఆవిడ అత్తే. ముందురోజు పుట్టిన పిల్లకు కూడా. బాలింతలకూ పసిపిల్లలకూ నీళ్ళు పోయడం ఆవిడ పని. పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, చీర మోకాళ్ళ పైకి లాక్కుని పిల్లను కాళ్ళమీద వేసుకుందంటే ఇక ఆ పెరట్లో ఎవరూ నోరెత్తకూడదు. పిల్ల ఏడవచ్చు. తల్లి ఏడవచ్చు. సలహాలు మాత్రం ఇవ్వకూడదు. మొదట వీపు, తర్వాత ఛాతీ, చివర్న తల. తలను అరచేత్తో గుండ్రంగా తిప్పి తిప్పి ఒత్తేది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ముక్కును మూడుసార్లు పైకి లాగేది. మూడోసారి లాగాక, "పో, ఇంక నీ ఇష్టం," అని తల్లికి అందించేసేది.

మనుషుల్ని ఆవిడ ఇంటిపేర్లతో గుర్తుపెట్టుకోలేదు. ఎవరు కాళ్ళమీద ఎలా ఉన్నారో అదే గుర్తు. ఒకసారి బారువ నుంచి సోంపేట వెళ్ళే బస్సులో కండక్టరు ఆవిడ ఎండుచేపల బుట్ట చూసి ముక్కు మూసుకున్నాడు. దింపేయమన్నాడు. ఆవిడ తలెత్తి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఓరి గుంటడా, నువ్వు నా కాల్లమీద ఉచ్చ పోసినోడివి కాదేటి? చప్పిడి ముక్కేసుకుని పుట్టినావు. ఇరవై రోజులు నొక్కి నాను నిలబెట్టినాను. ఇప్పుడా ముక్కుతోటేనేటి నా బుట్ట వాసన సూస్తన్నావు?"

బస్సంతా నవ్వింది. కండక్టరే బుట్టను తీసుకెళ్ళి డ్రైవరు పక్కన పెట్టాడు.

నన్ను చూసిన మొదటిసారే నా తల గురించి తీర్పు చెప్పేసింది. "ఎవలు పోసినారు బావూ నీకు నీల్లు? పనసకాయలాగ ఒగ్గీసినారు." అప్పటినుంచి నేను అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు పక్కకు తిరగను.

ఆవిడ అరచేతులు నల్లగా, నున్నగా ఉండేవి. పెళ్ళైన కొత్తలో పలాసలో జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళేదట. జీడి రసం చేతుల్ని తినేసింది. రేషను దగ్గర మిషను మీద వేలు పెడితే అక్కడ మనిషే లేనట్టు చూపించేది. ఆ చేతులకు వేడి కూడా తెలిసేది కాదు. అందుకే నీళ్ళ కాక ఎప్పుడూ మోచేత్తో చూసేది. చీర చెంగు వెనక్కి విసిరి, చెయ్యి మడిచి, మోచేతి కొనను నీళ్ళలో ముంచి, కళ్ళు మూసుకుని ఏదో వింటున్నట్టు ఉండేది.

"సెయ్యి అబద్దమాడతాది బావూ. పని సేసిన సెయ్యి మరీను. మోసెయ్యి ఆడదు."

టీ పొగలు కక్కుతుండగా తాగాలి. గ్లాసు చేతికిచ్చేలోపు చల్లారితే కోళ్ళవైపు పారబోసేది. "సల్లారిన టీ, సగంలో మింగీసిన మాట ఒకటే. రెండూ కడుపులో పాడుసేత్తాయి," అనేది. ఆ మాటను నేను చాలాకాలం టీకి సంబంధించిందనే అనుకున్నాను.

మేము కలిసింది తుపాను తర్వాత. ఆ పెద్ద తుపానుకు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. జీడితోటలు వేళ్ళు పైకెత్తి ఉన్నాయి. బారువ పక్కన ఒక ఊరి బడిలో ఇళ్ళు పోయినవాళ్ళందరినీ ఉంచారు. ఆవిడ కూడా అక్కడే, తడిసిన రెండు చీరలతో, ఎవరూ అడగకుండానే బాలింతల గదికి పెద్దగా ఉంది.

ఆ బడికి ఒక బండి వచ్చింది. సినిమావాళ్ళు బట్టలు మార్చుకునే కేరవాన్‌లాంటిది. ట్రాక్టరుకు తగిలించి లాక్కొచ్చారు. లోపల నాలుగు స్నానాల గదులు, ఒక పెద్ద గీజరు, వెనక జనరేటరు. బయట, బండి పక్కన, కాళ్ళూ పిల్లల్నీ కడుక్కోవడానికి ఒక చేతి షవరు. దానికి వేడినీళ్ళకు ఎర్రది, చన్నీళ్ళకు నీలంది, రెండు కుళాయిలు; రెండూ షవరు గొట్టంలో కలుస్తాయి. కొసన మీట నొక్కితేనే నీళ్ళొస్తాయి. బండిని ఎవరో పుణ్యాత్ములు పంపారు. దాన్ని నడిపే మనిషిని పంపలేదు. టెక్కలిలో పైపుల పాఠం చెప్పే మాస్టారు ఉన్నాడని ఎవరో చెప్తే ఆ మనిషిగా నేను వెళ్ళాను. బండి వాళ్ళు ఇచ్చారు, బండెడు పరువు నేను పట్టుకెళ్ళాను.

బాలింతల గదిలో ఒక అమ్మాయి ఉంది. ఇరవయ్యేళ్ళుంటాయి. తుపాను కొట్టిన రోజునే ప్రసవం. పుట్టిన ఆడపిల్ల అరచేతిలో పట్టేంత. నెలలు నిండలేదు. రోడ్ల మీద చెట్లు పడి అంబులెన్సు రాలేదు. నర్సమ్మ మాత్రం చెట్లు దాటుకుంటూ నడిచొచ్చి చూసింది. దారి తెరుచుకునేదాకా పిల్లకు వెచ్చదనం తగ్గకూడదంది. సీసాల్లో వేడినీళ్ళు నింపి, గుడ్డ చుట్టి, రెండువైపులా పెట్టమంది. బడిలో పొయ్యి ఒక్కటే. కట్టెలన్నీ తడిసినవి. ఊరంతటికీ దాని మీదే గంజి దిగాలి. గంజికీ గంజికీ మధ్య ఒక సీసా నీళ్ళు దొరికితే గొప్ప. అందుకే బండి వచ్చినప్పుడు అందరికన్నా ముందు సీసాలు పట్టుకుని వచ్చింది ఆవిడే.

నీళ్ళు వెచ్చగా వచ్చాయి. అంతే. వేడిగా కాదు. మోచెయ్యి పెట్టి తీసేసింది. "ఇది ఎచ్చన కాదు బావూ. సల్లన సిగ్గుపడినట్టుంది."

"అయిపోతుందమ్మా, పది నిమిషాలు," అన్నాను.

పది నిమిషాలు మూడు రోజులయ్యాయి. మొదట వేడి మీట చివరికంటా తిప్పాను. తర్వాత కాయిలు తీసి మీటరు పెట్టాను. కాయిలు బాగుంది. టాంకు ఖాళీ చేసి అడుగున పేరుకున్న తెల్ల సున్నాన్ని గీకాను. జనరేటరు వోల్టేజి తక్కువుందన్నాను. వోల్టేజి సరిచేశాక థర్మోస్టాట్ పోయిందన్నాను. విశాఖపట్నం నుంచి కొత్తది రావాలన్నాను. రోడ్లు లేవు కాబట్టి ఆ మాట నాకు బాగా కలిసొచ్చింది. ఆ మూడు రోజుల్లో గీజరులో నేను ముట్టుకోని భాగం లేదు. గీజరు బయటి గొట్టాల్లో నేను ముట్టుకున్నది ఒక్కటీ లేదు.

మొదటిరోజు సాయంత్రం ఆవిడ మళ్ళీ వచ్చింది. నేను గీజరులో తల దూర్చి ఉన్నాను. బండి పక్కన, ఆ చేతి షవరు దగ్గర నిలబడి, మోచెయ్యి గొట్టానికి ఆనించింది.

"బావూ, ఈ గొట్టం సూడు—"

"ముట్టుకోకు! కరెంటు! షాక్ కొడుతుంది!"

ఆ గొట్టంలో కరెంటు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. చుట్టూ పదిమంది నిలబడి నేనేం చేస్తున్నానో చూస్తున్నారు. అరవడం వల్ల ఏదో చేస్తున్నట్టు కనబడుతుంది. ఆవిడ చెయ్యి తీసేసింది. "అలాగే బావూ," అని చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ మూడు రోజుల్లో మళ్ళీ బండి దగ్గరకు రాలేదు. గంజి పొయ్యి దగ్గర సీసాలు పట్టుకుని వరసలో కూర్చునేది. నాకు ఎదురుపడితే, "అయినాదా?" అనేది. "అయిపోతుంది," అనేవాణ్ణి.

నాలుగో రోజు తెల్లారేసరికి బాలింతల గదిలోంచి ఏడుపు వినబడింది. ఎక్కువసేపు కాదు. ఏడవడానికి ఆ తల్లికి ఓపిక లేదు.

ఎండ వచ్చాక ఆవిడ బండి దగ్గరకు వచ్చింది. నన్ను అడగలేదు. చూడలేదు. తిన్నగా చేతి షవరు దగ్గరకు వెళ్ళి నీలం గొట్టానికి మోచెయ్యి ఆనించింది. ఎర్ర గొట్టానికి ఆనించింది. తర్వాత రెండు కుళాయిలూ కట్టేసింది.

అంతే. కాసేపటికి గదుల్లో నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చాయి.

ఆ తప్పు మావాళ్ళే చేయగలరు. ఉద్దానం ఊళ్ళలో కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అందుకని కుళాయి ఎప్పుడూ విప్పే ఉంచుతారు. నీళ్ళొస్తే చప్పుడవుతుంది, చప్పుడైతే బిందె పట్టుకుని పరిగెడతారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఉన్న అలవాటు. ఆ బండి దగ్గరా అదే చేశారు. షవరు కొసన మీట ఉంది కాబట్టి నీళ్ళు కారలేదు, కాబట్టి ఎవరూ చూడలేదు. విప్పి ఉన్న ఆ రెండు కుళాయిల మధ్య నుంచి చన్నీళ్ళు వేడి గొట్టంలోకీ, వేడినీళ్ళు చన్నీళ్ళ గొట్టంలోకీ పారుతూనే ఉన్నాయి. గీజరు మూడు రోజులూ తన పని తాను చేసింది. చన్నీళ్ళ గొట్టం వెచ్చగా ఉందన్నదే ఆవిడ మొదటిరోజు చెప్పబోయిన మాట. ఆ మాటను నేను సగంలో మింగించేశాను.

"బక్కెట్టు నింపు," అంది ఆవిడ.

నాకు బుర్ర పనిచేయలేదు. నా నోట వచ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇప్పుడు వేడినీళ్ళు ఎందుకమ్మా?"

"మాటలాపి సెంబు పట్టు."

బడి వరండా మెట్ల దగ్గర పీట వేసుకుంది. కాళ్ళు బారజాపింది. చీర మోకాళ్ళ పైకి లాక్కుంది. మోచేత్తో నీళ్ళు చూసి కొంచెం చన్నీళ్ళు కలపమంది. పిల్లను కాళ్ళమీద వేసుకుంది. నేను పోశాను. ఆవిడ ఏదీ వదల్లేదు. మొదట వీపు, తర్వాత ఛాతీ. తల గుండ్రంగా ఒత్తింది. అంత చిన్న తలకు ఒక్క అరచెయ్యి ఎక్కువే. ముక్కును మూడుసార్లు లాగింది. తల్లి గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఆవిడ చేతుల వంకే చూస్తూ ఉంది. మూడోసారి లాగాక ఆవిడ నోరు విప్పింది, కానీ రోజూ అనే మాట అనలేదు. పొడి గుడ్డలో చుట్టి తల్లికి అందించింది.

ఆ సాయంత్రం రోడ్డు తెరిచారు. నర్సమ్మ వచ్చి, అంత చిన్నపిల్ల ఆసుపత్రిలో ఉన్నా దక్కుతుందని చెప్పలేమంది. ఆ మాట నన్ను ఓదార్చడానికి అందో, నిజంగానే అందో తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది.

రెండేళ్ళకు, మేముంటున్న పలాసలో మా అమ్మాయి పుట్టింది. నీళ్ళు పోసేవాళ్ళు ఎవరూ దొరక్క కాదు. నేను వెళ్ళి ఆవిడనే పిలిచాను. ఇరవయ్యొక్క రోజులు రోజూ బస్సెక్కి వచ్చింది. గుమ్మంలోకి రాగానే, మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా మొదటి ప్రశ్న అదే.

"కుళాయిలన్నీ కట్టీసినావా?"

"కట్టేశానత్తా."

"ఓసారి సూసిరా."

చూసొచ్చేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది. "మాస్టారికి మాస్టారు దొరికారు," అనేది. ఆ ప్రశ్న వెనక ఏముందో తనకు చెప్పలేదు. చాలా రోజులు చెప్పలేకపోయాను.

చివరి రోజున టీ ఇచ్చి, ఆవిడ తాగడం పూర్తయ్యేదాకా ఆగి అడిగాను. "అత్తా, ఆ మూడు రోజులూ నీళ్ళు వేడిగా వచ్చుంటే ఆ పిల్ల బతికేదా?"

గ్లాసు కింద పెట్టింది. "నీకు నిద్దర పట్టదేటి?"

"కొన్ని రోజులు పట్టదు."

"నాకూ అంతే." కాసేపు తన అరచేతుల వంక చూసుకుంది. "బతికేదో నేదో దేవుడికెరుక. నాకొకటెరుక. మొదటిరోజే నాకు మోసేతికి తెలిసిపోనాది. నువ్వు ముట్టుకోవద్దన్నావు. నాను ముట్టుకోనేదు. పెద్ద సదువులోడు, ఆయనకి తెలీదేటి అనుకున్నాను. నువ్వు గదిమీనావని మూతి ముడుసుకుని కూకున్నాను. మూడు రోజులు, బావూ. పసిగుడ్డు కాడ కూకుని మూతి ముడుసుకున్నాను." చీర చెంగుతో మూతి తుడుచుకుంది. "నీది సగం. నాది సగం. నా సగం నువ్వు మొయ్యకు. నీ సగం నాను మొయ్యను."

కుళాయిలు మళ్ళీ చూసి వస్తానని లేచాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి అంది. "నాను పోతే నా నీల్లు నువ్వు కాయి. గీజరు కాదు, పొయ్యిమీద. మా ఊరోలు సల్లనీల్లు గుమ్మరించీస్తారు. సచ్చినోలకి తెలీదు కదాని."

"నువ్విప్పుడే ఎక్కడికి పోతావత్తా," అన్నాను.

"మాటియ్యి బావూ. ఎదవ కబుర్లొద్దు."

ఇచ్చాను. ఆ తర్వాత ఆరేళ్ళు ఎక్కడ కనబడినా ఆవిడ ఆ మాట ఎత్తలేదు. నా తల గురించి మాత్రం ఎత్తేది.

ఆవిడ పోయిన ఆ రోజు పలాసలో పాసింజరు రైలు దొరికింది. సుమ్మాదేవి స్టేషనులో గూడ్సుకు దారివ్వడానికి నిలబెట్టేశారు. ఎదురుగా ఇద్దరు డయాలసిస్ చేయించుకుని ఊరికి తిరిగి వెళ్తున్నారు, ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి. కిటికీలోంచి చూస్తే తుపాను తర్వాత నాటిన కొబ్బరిమొక్కలు మనిషెత్తు దాటి కనబడుతున్నాయి. ఎండ వాలుతోంది. కోడలు ఒకసారి ఫోను చేసింది. "ఎక్కడున్నారు? ముసలోలు కసురుతున్నారు." ఇంకోసారి చేసింది. గూడ్సు వెళ్ళడానికి పట్టిన సేపట్లో నేను రైల్వేవాళ్ళను తిట్టుకున్నాను, తర్వాత ఆపేశాను. ఆలస్యం విషయంలో ఇంకొకరిని తిట్టే అర్హత నాకు లేదు.

నేను ఆటో దిగేసరికి ఆవిడను వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. పక్కన రెండు బిందెల చన్నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. వీధి గుమ్మం పక్కనున్న కుళాయి విప్పే ఉంది, ఇంకా నీళ్ళు రాలేదు. నా చెయ్యి అలవాటుగా దాని మీదకు వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. అక్కడ అది తప్పు కాదు.

"మాస్టారొచ్చినారు," అంది కోడలు.

ఒక పెద్దాయన చేతికర్ర ఆనించుకుని లేచాడు. "ఇదేటి బావూ, ఆడోల్ల పని. పొద్దు దిగిపోతంది. నీల్లున్నాయి, పోసీమను."

"పోసేది ఆడవాళ్ళే లెండి. కాచి ఇచ్చి పక్కకు వెళ్ళిపోతాను."

పెరట్లో రాళ్ళ పొయ్యి ఉంది. అంటించడానికి మూడు అగ్గిపుల్లలు పట్టాయి. డిప్లొమా ఉన్నవాడికి మూడు ఎక్కువే. ఎవరో ముసలమ్మ వెనకనుంచి, "ఊదరా బావూ, సూస్తే అంటుకోదు," అంది. ఊదాను. కళ్ళనిండా పొగ. అది నాకు ఆ పూట చాలా ఉపకారం చేసింది.

నీళ్ళలో చెయ్యి పెట్టాను. వేడిగానే ఉన్నట్టుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచెయ్యి ముంచాను. కళ్ళు మూసుకున్నాను. వేడి కాదు. గోరువెచ్చన. ఇంకో రెండు కట్టెలు తోశాను. పెద్దాయన గట్టిగా దగ్గాడు. మళ్ళీ ముంచాను. ఈసారి చాలు.

బిందె దింపి వాకిట్లోకి మోసుకొచ్చాను. నీళ్ళమీద ఆవిరి లేస్తోంది. కోడలు చెంబు పట్టుకుని, ఆ ఆవిరి వంకా నా వంకా చూసింది. ఎగతాళికి కాదు, తెలియకే అడిగింది.

"సచ్చినోలకి ఏడినీల్లు ఎందుకు మాస్టారూ?"

చెప్పాలంటే మూడు రోజులూ చెప్పాలి. బండీ, గొట్టమూ, వరండా మెట్లూ చెప్పాలి. ఎండ అప్పటికే గోడ దిగిపోయింది.

"మాటలాపి సెంబు పట్టమ్మా," అన్నాను.